దిబ్బ మీద ఊడ్చేసిన గీత

ఆ దీవి మీద పార్కు నడిపేవాళ్ళు రోజూ పొద్దున్నే మనుషుల్ని పెట్టి ఒడ్డున ఇసుకంతా ఊడ్పిస్తున్నారు. అది తప్పు. శుభ్రం చేయడం తప్పెలా అవుతుందని మా అల్లుడు అడిగాడు. పోస్టాఫీసులో నా ఉత్తరం మీద ముద్ర వేసిన అమ్మాయి కూడా అడిగింది. మీరూ అడుగుతారు. అడగండి, చెప్తాను. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. గుడివాడలో సైకిల్ షాపు పెట్టుకుని, పంక్చర్లు వేస్తూ, పొట్లం కట్టిన కాగితాలు కూడా విప్పి చదివి నాలుగు అక్షరాలు గట్టి చేసుకున్నవాణ్ణి. పెద్ద మాటలు నాకు రావు. కానీ ఒకసారి చూసింది మర్చిపోను.

ఆ దీవి కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, హంసలదీవికి అవతల ఉంది. పడవ తప్ప మరో దారి లేదు. ఇప్పుడక్కడ నీలం రంగు టెంట్లు, ఉయ్యాలలు, తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవలు, చలిమంట చుట్టూ కుర్చీలు వచ్చాయి. ఈ కార్తీకంలో గుడివాడలో తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలి క్లాసు మొత్తం ఒక రాత్రి ఆ టెంట్లలో పడుకోవడానికి పేర్లు ఇచ్చింది. పార్కువాళ్ళు పంపిన ఫోటో తెచ్చి చూపించింది. నీళ్ళకి ఎదురుగా వరసగా టెంట్లు, వాటి ముందు దువ్వెనతో దువ్వినట్టు ఇసుక. నేను కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చూశాను. "గీత ఏదే?" అన్నాను. "ఏ గీత తాతయ్యా?" అంది. ఆ పిల్ల పడుకోబోయే చోటు నాకు తెలుసు. నా చెల్లెలు పడుకున్న చోటు అది.

నా చిన్నప్పుడు దానికి పేరు కూడా లేదు. మేం దిబ్బ అనేవాళ్ళం. మా ఊరి రేవు నుంచి దిబ్బకీ, అవతలి లంకలకీ ఒకే ఒక పడవ ఉండేది. దాన్ని నడిపేది ఒక ముసలావిడ. మొగుడు చేపల వేటకి వెళ్ళి తిరిగి రాకపోతే, ఆయన గెడకర్ర తనే అందుకుంది. మేమంతా ఆమెను పడవ మామ్మ అనేవాళ్ళం. ఆమె లేకపోతే మా ఊరికి అవతలి ఒడ్డు లేదు. అయినా మా వాళ్ళెవరికీ ఆమె మీద నమ్మకం ఉండేది కాదు. ఎందుకంటే ఆమె వేళ చెప్పేది కాదు. రేపు ఎన్నింటికి పడవ అని అడిగితే, నీళ్ళు రమ్మన్నప్పుడు అనేది. ఒకరోజు పొద్దున్నే వచ్చేది, ఇంకోరోజు ఎండ నడినెత్తికెక్కాక వచ్చేది. చేలల్లో పని చేసుకునే మా వాళ్ళకి అది పొగరులా కనపడేది. పడవలో ఏ వస్తువు కనపడకపోయినా అనుమానం ఆమె మీదే. ఒకసారి మా మావయ్య గొడుగు పోయింది. ఆమే తీసిందని ఊరంతా చెప్పుకున్నారు. నెల తర్వాత ఆ గొడుగు మా అటక మీదే దొరికింది. ఆ సంగతి వెళ్ళి ఆమెకి చెప్పినవాడు ఒక్కడు లేడు.

పెద్దలు ఎవర్ని అనుమానిస్తే పిల్లలూ వాళ్ళనే అనుమానిస్తారు. నాకప్పుడు పదేళ్ళు. పడవ ఎక్కినప్పుడల్లా ఆమె చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ ఏడు కార్తీక వనభోజనాలు దిబ్బ మీద పెట్టాలని మా మావయ్యకి బుద్ధి పుట్టింది. మా అమ్మకి తమ్ముడు ఆయన. ఊళ్ళో ఏ సరదా జరిగినా ముందు నడిచేవాడు. పౌర్ణమి నాడు గుడి పనులుంటాయి కనక, అది వెళ్ళిన మూడో రోజు పెట్టుకున్నాం. తెల్లవారుతుండగానే నలభై మందిమి రేవులో చేరాం. గుండిగలు, గంగాళాలు, బియ్యం, విస్తళ్ళు, చాపలు. పడవ మూడుసార్లు తిరిగింది. దిబ్బ మీద ఉసిరి చెట్టు లేదు కనక, మా పెరట్లోంచి ఒక ఉసిరి కొమ్మ నరికి తీసుకెళ్ళి ఇసుకలో పాతాం. దాని కింద పసుపూ కుంకుమా పెట్టి, దాన్నే చెట్టనుకున్నాం.

మేం దిగేసరికి నీళ్ళు బాగా కిందికి ఉన్నాయి. ఎదురుగా నున్నటి, చదునైన ఇసుక, ఎవరో మనకోసం అలికి పెట్టినట్టు ఉంది. వెనక చిన్న పల్లం, దాని వెనక మెరక. మెరక మీదంతా ముళ్ళ తుప్పలు. వాటి ముందు ఒక వంకర గీతలాగా ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు, ఎక్కడివో కొబ్బరి పీచులు. మా మావయ్య చదునైన ఇసుక మీదే పొయ్యిలు తవ్వించాడు. గిన్నెలు కడుక్కోవడానికి నీళ్ళు దగ్గర, కూర్చోవడానికి మెత్తన.

పడవ మామ్మ గెడ నేలకానించి నిలబడి ఒక్కసారే చెప్పింది. "అయ్యగోరూ, పొయ్యిలు మెరక మీద పెట్టించండి."

"మెరక మీద ముళ్ళున్నాయి. నువ్వొచ్చి ఏరి పెడతావా?" అన్నాడు మావయ్య.

"ఏరతాను."

"ఏరతావులే! ఏరుతూ ఏరుతూ మా చెంబులు కూడా ఏరతావు. నీ పడవ నువ్వు చూసుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె గెడ తీసుకుని పడవ వైపు నడిచింది.

వంటలయ్యాయి. అన్నం గుండిగ మీద తడిగుడ్డ కప్పారు. పులిహోర గంగాళంలో కలిపి పెట్టారు. ఇంకా ఆకలి వేళ కాలేదని మగవాళ్ళు పేకాటకి కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంచెం దూరంలో గవ్వలు ఏరుకుంటూ పాటలు పాడుకుంటున్నారు. మా అమ్మ రెండేళ్ళ చెల్లెల్ని గిన్నెల పక్కనే చాప మీద పడుకోబెట్టి, ఎండ తగలకుండా ఉసిరి కొమ్మకి చీర కట్టి వెళ్ళింది. పిల్లలంతా వెనక పల్లంలో కోతికొమ్మచ్చికి చెట్లు లేక ఉత్త పరుగులు పెడుతున్నారు. నేను మాత్రం పడవ మామ్మని చూస్తున్నాను.

ముందు గ్లాసుల బుట్ట తీసుకుంది. అటూ ఇటూ చూసి, నెత్తిన పెట్టుకుని, మెరక ఎక్కి, తుప్పల వెనక దించి వచ్చింది. తర్వాత బట్టల మూట. తర్వాత చెంబులు. ఆ తర్వాత పులిహోర గంగాళం రెండు చేతులతో పట్టుకుని, ఆగి ఆగి మోసుకెళ్ళింది. ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. పని చేసే మనిషి నడకలా లేదది. ఎవరైనా చూస్తే ఆపుతారని భయపడే మనిషి నడక. దొంగ నడకా అలాగే ఉంటుందని నాకు ఆ వయసులోనే తెలిసిపోయిందనుకున్నాను. పేకాట దగ్గరికి పరిగెత్తి, గొంతు చించుకుని అరిచాను.

"దొంగ! పడవ మామ్మ మన గంగాళం ఎత్తుకుపోతోంది! తుప్పల్లో దాస్తోంది!"

పేకాడేవాళ్ళంతా లేచారు. ఆమె అప్పుడే అన్నం గుండిగ కోసం వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"ఏంటే ఇది?" అన్నాడు మావయ్య.

"నీళ్ళొస్తన్నాయి అయ్యగోరూ. అందుకని పైకి..."

అందరం ఒక్కసారి తిరిగి చూశాం. నీళ్ళు ఎక్కడో దూరంగా, పొద్దున మేం దిగినప్పటికంటే కొంచెం దగ్గరగా, ఎండలో మెరుస్తూ ఉన్నాయి. అల కూడా లేదు.

"ఏవీ? నాకేవీ కనపడవే! ఒరే, మీకెవరికన్నా కనపడుతున్నాయిరా?" అన్నాడు మావయ్య. మళ్ళీ నవ్వులు. ఒకాయన గొడుగు సంగతి ఎత్తాడు. ఇంకొకాయన, పడవ తీసేసుకుని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలన్నాడు. ఆమె ఒక్కొక్కరి ముఖమూ చూసింది. నా ముఖం కూడా చూసింది.

తర్వాత ఆమె చేసిన పని నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. మెరక ఎక్కి, గంగాళం మోసుకొచ్చి, సరిగ్గా అది ఉన్నచోటే పెట్టింది. చెంబులు తెచ్చి పెట్టింది. మూట తెచ్చింది. బుట్ట తెచ్చింది. ఏ వస్తువు ఇసుకలో ఎక్కడ గుంట చేసిందో, ఆ గుంటలోనే దాన్ని కుదురుగా పెట్టింది. మా మావయ్య ఆమె దగ్గరికెళ్ళి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఆమె వెళ్ళి తన పడవలో కూర్చుంది. మావయ్య నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నాడు. ఆ భుజాల మీదినుంచి నేను లోకాన్ని చూసిన తీరు చూస్తే, ఇప్పుడు నాకే నా మీద అసహ్యం వేస్తుంది.

నీళ్ళు ఎదురుగా వస్తాయని అనుకున్నాం. అవి వెనక నుంచి వచ్చాయి. పక్కనున్న మడ చెట్ల మధ్య నుంచి సన్నటి పాయ ఒకటి ఆ పల్లంలోకి దారి చేసుకుంది. చప్పుడు లేదు, అల లేదు. నేలకి చెమట పట్టినట్టు ఇసుక తడిసింది. ఎండ్రకాయలు గుంపుగా మెరక వైపు పరిగెత్తుతుంటే పిల్లలు వాటి వెంట పడ్డారు. పొయ్యి చుయ్ మంది. అప్పటికి పల్లం నిండిపోయి, మేమంతా నాలుగు వైపులా నీళ్ళున్న ఒక ఇసుక పలక మీద నిలబడి ఉన్నాం. తర్వాత ఎదుటి నీళ్ళు కూడా, ఇక దాచాల్సిన పని లేదన్నట్టు, పరుపు పరిచినట్టు వచ్చేశాయి.

ఎవరి పిల్లల్ని వాళ్ళు పేర్లు పెట్టి అరుస్తున్నారు. మా అమ్మ దూరం నుంచి పరిగెత్తుకొస్తూ పడింది. నేను చాప వైపు చూశాను. ఒక మూల అప్పటికే తేలింది. చెల్లెలి జుట్టు నీళ్ళలో పరుచుకుంది. అది నిద్రలోనే తల తిప్పబోయింది. నేను కదల్లేదు. పడవలోంచి దూకి, మోకాటి లోతు నీళ్ళలో చీర తన్నుకుంటూ వచ్చి, చెల్లెల్ని రెండు చేతులా పైకెత్తింది పడవ మామ్మే. అది ఒక్కసారి దగ్గి, కళ్ళు తెరిచి, మామ్మ ముక్కుపుడక పట్టుకుంది.

అందరం తొడల లోతు నీళ్ళలో మెరక చేరాం. ముళ్ళు గుచ్చుకున్నాయి, ఎవరూ ఏరలేదు. ఉసిరి కొమ్మ ఒరిగిపోయింది. పులిహోర గంగాళం కాసేపు పడవలా తిరిగి బోర్లా పడింది. అన్నం గుండిగ మాత్రం తేలుకుంటూ మడ చెట్ల వైపు వెళ్ళిపోయింది. మా మావయ్య చేతిలో పేకముక్కలు అలాగే ఉన్నాయి. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. మెరక మీద నిలబడి చూస్తే, నీళ్ళు సరిగ్గా ఆ పుల్లలూ నాచూ గవ్వల గీత దగ్గరికొచ్చి ఆగాయి.

తిరుగు ప్రయాణంలో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. తప్పయిందనలేదు. చెల్లెల్ని కాపాడావనీ అనలేదు. మా పెద్దల గొప్పతనం అది.

రెండు రోజుల తర్వాత ఆమె ఆ గుండిగని మడ చెట్లలో వెతికి పట్టుకుని, బురద కడిగి, నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మా మావయ్య దాన్ని చుట్టూ తిప్పి చూసి ఏమన్నాడో తెలుసా? "ఎక్కడ దాచావు రెండ్రోజులూ?" అన్నాడు. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి బయటికొచ్చి, తమ్ముణ్ణి ఒక్క చూపు చూసి, నా చెవి పట్టుకుని ఆమె ముందు నిలబెట్టింది. "మామ్మతో వెళ్ళు. ఏ పని చెప్తే ఆ పని చెయ్యి" అంది.

రేవులో నేను కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "వంగింది చాలు, పడవెక్కు" అంది. దిబ్బ మీదికి తీసుకెళ్ళింది. మెరక కింద ఆ చెత్త గీత దగ్గర నిలబెట్టి, చేత్తో ముట్టుకోమంది. పైన ఎండిన పుల్లలు, కింద నిన్నటి తడి నాచు. "ఇది చెత్త గాదు అబ్బాయ్. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చి, ఇక రాలేక పెట్టిపోయిన గుర్తు. దీని కిందపట్టున వండుకోకూడదు, నిద్దరోకూడదు, పిల్లని పడుకోబెట్టకూడదు" అంది. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు పెద్దవవుతాయనీ, వాటి తర్వాతి రెండు మూడు రోజుల్లో ఇంకా పెద్దవవుతాయనీ చెప్పింది. రోజురోజుకీ ఆ వేళ జరిగిపోతుందనీ, అందుకే తను ఎవరికీ గడియారం వేళ చెప్పలేననీ అంది. ఇంకొకటి కూడా చెప్పింది. మాఘ ఫాల్గుణాల్లో సముద్రం అడుగంటి ఉంటుందట, కార్తీకంలో ఏడాదికంతటికీ ఎత్తున ఉంటుందట. మాఘంలో చూసిన గట్టుని నమ్మి కార్తీకంలో పడుకోకు అంది.

ఇదండీ నాకు తెలిసింది. దీని కోసమే పార్కువాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను. సమాధానం లేదు. ఉత్తరాలు చదవకుండా పారేస్తున్నారని నా అనుమానం. నాలుగోసారి బస్సెక్కి నేనే రేవుకి వెళ్ళాను. అక్కడ మేనేజరు కుర్రాడు, ముప్పై ఏళ్ళుంటాయేమో, కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. అంత మర్యాద చూసి నాకు అనుమానం ఇంకొంచెం పెరిగింది. నేను చెప్పిందంతా విని, "అంకుల్, మీకు దీవి మీద పొలమేమైనా ఉందా? మీ వెనకాల ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. నేను అతన్ని అనుమానిస్తుంటే అతను నన్ను అనుమానిస్తున్నాడు.

"నా వెనకాల ఎవరూ లేరు. నా ముందర ఒక మనవరాలుంది" అన్నాను.

"భయపడకండి అంకుల్. మేం కర్ర పాతి, నెలంతా చూశాకే టెంట్లు వేశాం. నీళ్ళు దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు."

"ఏ నెల?"

"ఫిబ్రవరి" అన్నాడు, గొప్పగా.

నేను లేచి నిలబడ్డాను. మాఘమాసం! అడుగంటిన సముద్రాన్ని కొలిచి, కార్తీకంలో పిల్లల్ని పడుకోబెడుతున్నారు. అడ్డంగా ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చీపుళ్ళు పెట్టి రోజూ చెరిపేస్తున్నారు. ఆ మాటే గట్టిగా అరిచాను. అక్కడున్న టూరిస్టులు ఫోన్లు తీశారు. సాయంత్రం మా అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, మీరు ఊరుకుంటే నలుగురూ పెద్దమనిషి అంటారు. స్కూలు వాళ్ళకి తెలియదా? మీకెందుకండీ ఈ గొడవ?" అన్నాడు. నేను పెద్దమనిషి కాకపోయినా ఫర్వాలేదు, పిల్లలతో నేనూ వస్తానని స్కూల్లో చెప్పమన్నాను. టీచరమ్మ ఏమనుకుందో గానీ, ముసలాయన వంట దగ్గర సాయముంటాడని ఒప్పుకుంది.

పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి దీవి మీద దిగాం. నీళ్ళు బాగా కిందికి ఉన్నాయి. నున్నటి ఇసుక మీద టెంట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడా ఒక్క పుల్ల లేదు. పిల్లలు కేకలు వేసుకుంటూ బ్యాగులు లోపల పడేశారు. నేను చెప్పబోతే మేనేజరు నవ్వుతూ, "అంకుల్‌కి నీళ్ళంటే భయం పిల్లలూ, మీరు చూసుకోండి" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు ఆ నవ్వు కొత్త కాదు.

మా మనవరాలు మాత్రం నవ్వలేదు. నేను చెప్పిన గీత కోసం అది ఊడ్చిన చోట వెతకలేదు. చీపుళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఎడమ వైపు మడ చెట్ల పక్కన, ఎవరూ ఫోటో దిగని చోట, నాచూ పుల్లలూ గవ్వలూ, వాటితో పాటు ఈ కాలపు చెప్పులూ సీసా మూతలూ కలిసిన గీత కనపడింది. అది వంకరగా వచ్చి వచ్చి, ఊడ్చిన చోట తెగిపోయింది. కుడి వైపు చివర మళ్ళీ మొదలైంది. వాలీబాల్ కోర్టు చుట్టూ కట్టడానికి తెచ్చిన పొడుగాటి తాడు తీసుకుని, ఒక కొస ఈ చివర పుల్లకి కట్టి, గట్టు వంపు వెంట నడిచి, రెండో కొస ఆ చివర కట్టింది. కట్టాక వెనక్కి నడిచొచ్చి నా పక్కన నిలబడింది.

టెంట్లన్నీ తాడుకి నీళ్ళ వైపే ఉన్నాయి. ఒక్కటి కూడా మెరక వైపు లేదు.

ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. టీచరమ్మ ఆ తాడు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. మేనేజరు కుర్రాడు రెండుసార్లు నడిచాడు. "అక్కడ నుంచైతే వ్యూ ఉండదు మేడం" అన్నాడు, నీరసంగా. "వ్యూ పొద్దున చూస్తారులెండి. ముందు మెరక మీద పాతండి" అంది ఆవిడ. మేకులు పీకే దగ్గర అతనే ముందు వంగాడు. అది నేను ఒప్పుకోవాలి.

పొద్దున లేచి చూస్తే, టెంట్లు మొదట ఉన్నచోట మేకుల గుంటలు కూడా మిగల్లేదు. ఇసుక తడిగా, చదునుగా ఉంది. తాడుకి జానెడు కింద కొత్త గీత ఒకటి పడి ఉంది. ఇంకా పచ్చిగా ఉన్న నాచు, ఒక చిన్న చేప. నేను దాన్ని చూస్తుండగానే, ఎక్కడి నుంచి వచ్చారో పార్కు మనుషులు, చీపుళ్ళు తీసుకుని ఆ చివర నుంచి ఊడ్చుకుంటూ వచ్చేస్తున్నారు! మేనేజరు కేకేసి ఆపాడు. ఆ రోజుకి ఆపాడు. ఆ తర్వాతి వారం వాళ్ళు పెట్టిన ఫోటోల్లో టెంట్లు మళ్ళీ కిందికి దిగాయి, ఇసుక మళ్ళీ దువ్వినట్టు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళు చదివేదాకా రాస్తాను. ఊరుకుంటే పెద్దమనిషినవుతానని నాకు తెలుసు. ఊరుకోకపోవడమే ఆ వనభోజనాల నుంచి నేను మోసుకొస్తున్నది. అది ఎందుకో మా మనవరాలు అడిగిన ప్రశ్నలో ఉంది.

తిరిగి వస్తుంటే పడవలో అది అడిగింది. నీళ్ళొస్తాయని అంత బాగా తెలిసిన మామ్మ, ఆ గిన్నెలన్నీ మళ్ళీ కిందికి ఎందుకు మోసింది తాతయ్యా, గట్టిగా అరిచి చెప్పొచ్చుగా, అని.

నేనూ అదే అడిగాను. పడవ ఎక్కిన ప్రతిసారీ అడిగేవాణ్ణి. గెడ పట్టుకో అనో, నీళ్ళు తోడు అనో మాట తప్పించేసేది. గుడివాడలో షాపు పెట్టుకున్నాక, ఆమె ఇక గెడ వెయ్యలేని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె గుడిసె ముందు కూర్చుని మళ్ళీ అడిగాను. తన అరచేతులు చూసుకుంటూ అంది.

"పైకి మోస్తంటే దొంగనన్నారు. కిందికి మోసి పెట్టాక మీ మావయ్య నా దగ్గరికొచ్చి, మంచిదానివే, అన్నాడు. నువ్వినలేదు అది. ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అన్నవోళ్ళు ఎవరూ లేరు అబ్బాయ్. ఇంకో మాటంటే మళ్ళీ దొంగనైపోతానని నోరు మూసుకుని పడవలో కూచున్నా. నీ చెల్లెలు చాప మీదుందని తెలిసే కూచున్నా."